అమ్మ కాలు కడగడం నేర్చుకున్నాను

మా అమ్మ ఎడమ కాలికి బోద ఉందని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ కాలిని మోకాలి దాకా చూసింది మాత్రం నాన్న పోయాక, నేను బదిలీ పెట్టుకుని మా ఊరి పక్క హైస్కూలుకు వచ్చి ఆవిడ దగ్గర ఉండటం మొదలుపెట్టాకే. అప్పటిదాకా అమ్మ కుచ్చిళ్లు నేలకు రాసుకునేలా చీర కట్టేది. పండగ పూట కాళ్లకు దణ్ణం పెట్టబోతే, "అక్కడి నుంచే పెట్టమ్మా, చాలు" అంటూ కాళ్లు వెనక్కి లాగేసుకునేది. ఫొటోల్లో ఎప్పుడూ ఎవరో ఒకరి వెనకాల నిలబడేది. ఎందుకని ఇంట్లో ఎవరమూ అడగలేదు. అడిగితే ఆవిడ బాధపడుతుందనుకునేవాళ్లం.

మాది కోనసీమలో, పి.గన్నవరానికి దగ్గర్లో ఉన్న పల్లె. గోదావరి డెల్టాలో బోదకాలు తెలియని ఊరు లేదు. నా చిన్నప్పుడు భోజనాలయ్యాక, ఊరు సద్దుమణిగే వేళకి ఫైలేరియా (బోదకాలు జబ్బు) చూసే ఆరోగ్యశాఖ వాళ్లు గాజు పలకలు పట్టుకుని వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీసుకునేవాళ్లు. పిల్లలం నిద్ర నటించేవాళ్లం. పగలు రాకుండా రాత్రే ఎందుకొస్తారో అప్పుడు తెలీదు. ఈ జబ్బు తెచ్చే సన్నటి పురుగుల పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, మనం పడుకునే వేళకి చర్మం కింది రక్తంలోకి వస్తాయట. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళలోనే. ఈ జబ్బు మీద పరిశోధనకీ శిక్షణకీ రాజమండ్రిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ శాఖ ఒకటి పెట్టారంటే ఇక్కడ దాని వేళ్లు ఎంత లోతున ఉన్నాయో అర్థం చేసుకోవచ్చు. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది 1955లో. అప్పటికి మా అమ్మ ఇంకా పుట్టలేదు.

క్యూలెక్స్ మంచినీటి దోమ కాదు. మురుగే దానికి ఇల్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చాయి, మూడు తరాల్లో డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు మా వైపు తక్కువ. కానీ నీళ్లు తెచ్చే కాలువ మీద ఉన్న భక్తిలో నాలుగో వంతు నీళ్లు పోయే మురుగు కాలువ మీద చూపించలేదు మనం. గుర్రపు డెక్క పట్టి కదలని మురుగు కోడులు, మూత లేని మరుగుదొడ్డి గుంటలు, కొబ్బరి పీచు నానబెట్టి వదిలేసిన గోతులు. ఇది నా కోపం. పూడిక తీయమని అర్జీలు పెట్టి పెట్టి వచ్చిన కోపం.

అమ్మ కాలికి చేయించని వైద్యం లేదు. ఆకు పసరు కట్టించుకుంటే చర్మం కమిలిపోయింది. ఊళ్లో సూది మందు వేసే ఆయన దగ్గర జ్వరం వచ్చినప్పుడల్లా ఒక ఇంజక్షను. పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషనుతో కాలు మామూలైపోతుందని ఆశపెట్టి, పరీక్షలకే నాన్న ధాన్యం డబ్బులు లాగేసి, చివరికి "ఇది ఇంతేనమ్మా" అని పంపేశారు. ఇక మొక్కులు. చెప్పనలవి కాదు. అంతర్వేది నరసింహస్వామికీ, అప్పనపల్లి బాలాజీకీ, పక్క ఊరి అమ్మవారికీ. ఎవరో చెబితే ఒక దర్గాకి కూడా వెళ్లి తాయెత్తు కట్టించుకుంది. మా చర్చి పేటలో ఉపవాస ప్రార్థన జరిగితే, అక్కడ తెలిసినావిడ చేతికి చీటీ రాసిచ్చి తన పేరు కూడా చదవమంది. ఆ చీటీ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బాధ ఉన్న మనిషికి గుళ్ల మధ్య గోడలు ఉండవని అప్పుడు అనిపించింది.

జ్వరం అమావాస్యకో పున్నమికో వస్తుందని మా వైపు అందరూ నమ్ముతారు. ముందు గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఆ వెనకే పళ్లు టకటకలాడే చలి, వణుకు. కాలు ఎర్రగా కాలిపోతుంది. రెండు మూడు రోజులు మనిషి మంచం దిగలేదు. నేను వచ్చిన ఏడాది నాట్లు అవుతున్న రోజుల్లో అమ్మకి అలాంటి జ్వరమే వచ్చింది. ఈసారి మాత్రం సూది మందు ఆయన్ని పిలవనివ్వలేదు నేను. ఆటో మాట్లాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అదే పీహెచ్‌సీకి తీసుకెళ్లాను.

అక్కడ డాక్టరమ్మ చిన్న వయసావిడ. బల్ల వెనకాల నుంచి లేచొచ్చి కింద స్టూలు మీద కూర్చుని, "చీర కొంచెం పైకి తీయండమ్మా, నేను చూస్తాను" అంది. అమ్మ నా వైపు చూసింది. నేను బయటికి వెళ్లబోతే డాక్టరమ్మ ఆపింది. "మీరూ చూడాలి. రేపటి నుంచి చెయ్యాల్సింది మీరే."

చూశాను. పాదం పైన చర్మం మందంగా, ముడతలు ముడతలుగా ఉంది. చీలమండ దగ్గర లోతైన మడత. వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని చిట్లిపోయి ఉంది. వాసన కూడా వచ్చింది. అమ్మ కళ్లు మూసుకుంది.

ఆ వేళ డాక్టరమ్మ చెప్పిన మాటలు మా ఇంట్లో దశాబ్దాలుగా ఎవరూ చెప్పనివి. ఈ పురుగులు ఒంట్లో మిగులు నీటిని తోడే శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతికి వాటిని పాడుచేస్తాయి. మురుగు కాలువ పూడితే చేలో నీరు నిలిచిపోయినట్టు కాలిలో నీరు దిగకుండా ఉండిపోతుంది. పురుగులు ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు, పాడైన నాళాలు మాత్రం బాగవవు. కాబట్టి ముదిరిన వాపుని మాత్రలు తగ్గించలేవు. మరి జ్వరం ఎందుకొస్తుంది? అది పురుగు వల్ల వచ్చేది కాదు. వేళ్ల సందుల్లో చిట్లిన చోటు నుంచి, మడమ పగుళ్ల నుంచి, గోరు పక్కన గీత నుంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. నీరు నిలిచిన కాలిలో వాటికి అడ్డు ఉండదు. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త గట్టిపడుతుంది. "అంటే జ్వరం ఆపితే కాలు పెరగడం ఆగుతుంది. జ్వరం ఆపాలంటే ఆ సందులు మూయాలి. దానికి కావలసింది సబ్బూ నీళ్లూ" అంది.

సబ్బూ నీళ్లూనా అని నాకు కొంచెం నిరాశ కలిగిన మాట నిజం. అమ్మ మాత్రం వేరే మాట అడిగింది. "మరి అమావాస్యకే ఎందుకొస్తుందండీ?" డాక్టరమ్మ నవ్వలేదు, కొట్టిపారేయలేదు. "ఇంట్లో తిథుల క్యాలెండరు ఉంటుంది కదమ్మా. జ్వరం వచ్చిన రోజున పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఏడాది తరవాత మనిద్దరం కూర్చుని చూద్దాం" అంది. వైద్యం చేసేవాళ్లలో నేను చూసిన గొప్ప మర్యాద అదేనంటాను. ఎదుటి మనిషి నమ్మకాన్ని అవమానించలేదు, అలాగని దానికి తల ఊపి ఊరుకోనూ లేదు. జ్వరానికి యాంటీబయాటిక్, పారాసెటమాల్ రాసిచ్చి, తగ్గేదాకా కాలు కదపకుండా ఎత్తు మీద పెట్టి తడిగుడ్డ వెయ్యమంది. జ్వరం తగ్గాక ఊరి ఆశా కార్యకర్త వచ్చి మిగతాది నేర్పిస్తుందంది.

జ్వరం దిగాక ఆశా అమ్మాయి వచ్చింది. చేతిలో ప్రభుత్వం ఇచ్చే కిట్టు: టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, పుండు మీద రాసే ఆయింట్‌మెంటు, ఫంగస్‌కి క్రీము. ఆ అమ్మాయిది చర్చి పేట. ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. వాళ్ల నాయనమ్మ మా పెరట్లోకి ధాన్యం దంచడానికి వచ్చేది. అరుగు ఎక్కేది కాదు. ఆవిడ తాగే గ్లాసు పెరటి గోడ మీద వేరుగా ఉండేది. ఆ మనవరాలు ఇప్పుడు మా నట్టింట్లో కింద కూర్చుని అమ్మ కాలు తన ఒళ్లోకి తీసుకోబోయింది. అమ్మ కాలు లాక్కుంది. ఆ లాక్కోవడంలో సిగ్గు ఎంతో, పాత అలవాటు ఎంతో నేను చెప్పలేను. రెండూ ఉన్నాయి. ఆ అమ్మాయికీ రెండూ తెలుసు.

"వద్దమ్మా, నువ్వు ముట్టుకోకు. చెప్పు, మా అమ్మాయి చేస్తుంది" అంది అమ్మ.

"ఏసు ప్రభువు శిష్యుడు పేతురు కూడా ఇలాగే వద్దన్నాడండి అమ్మగారూ" అంది ఆ అమ్మాయి, మగ్గులో నీళ్లు ముంచుతూనే. "ప్రభువు కాళ్లు కడగడానికి వస్తే, నా కాళ్లు నువ్వు కడగడమేంటని లాక్కున్నాడు. మా చర్చిలో ఈస్టరుకి ముందు గురువారం ఫాదరుగారు పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. పోయినేడు అందులో మా నాన్న కూర్చున్నాడండి. చేలో పనిచేసి పగిలిపోయిన కాళ్లు."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరవాత మెల్లిగా, "కుచేలుడు కూడా మొహమాటపడే ఉంటాడులే. కృష్ణుడంతవాడు కాళ్లు కడుగుతుంటే" అంది. కాలు టబ్బులో పెట్టింది.

నాకు ఆ రోజు నుంచీ భక్తి అంటే ఇదీ అని ఎవరికైనా వివరించాలన్న కోరిక పోయింది. చిన్నప్పటి నుంచి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఆ గదిలో రెండు కథలు, ఒకరి ఇంటి కథ ఇంకొకరికి అడ్డం రాకుండా, ఒకే టబ్బు దగ్గర పనికొచ్చాయి.

కడగడం తేలికే, కానీ పద్ధతి ఉంది. నీళ్లు వేడివి కాకూడదు, మామూలు చల్లదనం చాలు. వాసన ఘాటుగా లేని సబ్బు. మోకాలి నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. సబ్బు చేతికి రాసుకుని నురగతో కడగాలి, పీచుతో రుద్దకూడదు. ప్రతి మడతనీ విప్పి లోపల కడగాలి. వేళ్ల మధ్య మెత్తటి నూలుగుడ్డ పెట్టి తీయాలి. టబ్బులో నీళ్లు తేరేదాకా మళ్లీ మళ్లీ పొయ్యాలి. ఆ తరవాత తుడవడం. కడగడం కన్నా ఇదే ముఖ్యం. అద్దుతూ తుడవాలి, వేళ్ల సందుల్లో చెమ్మ అనేది ఉండకూడదు. తడి ఉంటే మన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. తెల్లగా నానిన చోట ఫంగస్ క్రీము, గీత పడిన చోట ఇంకో మందు. గోళ్లు మరీ లోపలికి కత్తిరించకూడదు. ఆ తరవాత కూర్చునే పాదాన్ని గుండ్రంగా తిప్పడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. రాత్రి మంచం కాళ్ల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఇలా ఎత్తు పెట్టకూడదని ఆశా గట్టిగా చెప్పింది. జ్వరం ఉన్నన్నాళ్లూ ఈ కసరత్తులు బంద్.

మొదట్లో నేను కడిగేదాన్ని. ఆ వేళ అమ్మతో మాట్లాడుకున్నన్ని మాటలు జన్మలో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నా పెళ్లిలో తను పీటల మీద ఎందుకు కూర్చోలేదో ఆవిడ నోటితో అప్పుడే విన్నాను. అల్లుడి కాళ్లు కడిగి కన్యాదానం చేసింది మా పిన్నీ బాబాయీ. వంటవాళ్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలని అమ్మ పెరట్లోనే ఉండిపోయిందని నాకు చెప్పారు. "కూర్చుంటే పాదాలకి పారాణి పెడతారు. అందరూ చూస్తారు. నీ అత్తవారు ఇది వంశంలో వచ్చే జబ్బనుకుంటే?" అంది. వంశంలో వచ్చేది కాదది. ఒకరిని ముట్టుకుంటే వచ్చేదీ కాదు. దోమ కుట్టడం వల్ల, అదీ ఒకసారి కాదు, ఏళ్ల తరబడి కుట్టడం వల్ల వచ్చేది. ఈ ఒక్క ముక్క ఊరంతటికీ తెలిసి ఉంటే ఆవిడ నా పెళ్లి కళ్లారా చూసేది.

మరుసటి ఏడాది కార్తీకం వచ్చేసరికి ఇంట్లో పెద్ద చర్చ. తెల్లవారుజామున కాలువలో స్నానం, అరటి దొప్పలో దీపం అమ్మకి ఏ ఏడూ తప్పలేదు. నాట్లప్పుడు, కార్తీకంలో ఆవిడకి జ్వరాలు ఎందుకు ఎక్కువో పెన్సిలు గుర్తులు అప్పటికే చెబుతున్నాయి. అమావాస్యల దగ్గర కొన్ని, మిగతావి ఎక్కడెక్కడో. అన్నీ మాత్రం పాదం ఎక్కువసేపు తడిలో నానిన రోజుల వెంటే. క్యాలెండరు ముందు నిలబడి ఆవిడే వేలితో లెక్క చూసుకుంది. నేనేమీ అనలేదు. శివాలయం పూజారిగారిని అడిగి వచ్చింది. ఆయన, "సంకల్పం చెప్పుకుని ఇంట్లో బావినీళ్లతో చేస్తే గంగాస్నానమే పిన్నిగారూ. దీపం మీ అమ్మాయి చేత వదిలించండి" అన్నారట. ఆయనకి వైద్యం తెలీదు, మనిషి బాధ తెలుసు. ఆ మాట నేను వందసార్లు చెప్పినా పనిచేసేది కాదు. ఆయన ఒక్కసారి చెబితే పనిచేసింది. ఊరి ఆరోగ్యం గురించి ఆలోచించేవాళ్లు ఈ సంగతి చిన్నదిగా చూడకూడదని నా విన్నపం.

వాడపల్లి మొక్కు ఇంకో సంగతి. ఆత్రేయపురం మండలంలో వెంకటేశ్వరస్వామి గుడి. ఏడు శనివారాలు వెళ్లి, వెళ్లినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అమ్మకి ఎప్పటి నుంచో ఆ మొక్కు ఉండిపోయింది. ఎండలో వట్టి కాళ్లతో ఆ జనంలో నడవలేక. డాక్టరమ్మని అడిగితే, "పుళ్లు పూర్తిగా మానాక వెళ్లండి. పొద్దున్నే వెళ్లండి, రాయి కాలకముందు. నూలు మేజోళ్లు వేసుకోండి. బయటికొచ్చాక కడిగి, ఆరబెట్టి, చూసుకోండి" అంది. వద్దంటుందని నేననుకున్నాను. అమ్మ పుళ్లు మానడం కోసం ఎదురుచూసింది. మానాలంటే రోజూ కడగాలి. అంతవరకూ నేను గుర్తు చేస్తే తప్ప టబ్బు దగ్గరికి రాని మనిషి, ఆ మొక్కు కోసం నేను లేవకముందే తనే కడుక్కోవడం మొదలుపెట్టింది. సంచిలో కొబ్బరికాయ, అరటిపళ్ల పక్కన తువ్వాలు, సబ్బు ముక్క, క్రీము గొట్టం పెట్టుకుని శనివారం మొదటి బస్సుకే బయల్దేరేవాళ్లం. గుడి బయట పంపు దగ్గర అరుగు మీద కూర్చుని కాలు కడుక్కుంటుంటే ఎవరో ఒకావిడ వచ్చి, తనకీ ఇలాగే ఉందని చీర కాస్త ఎత్తి చూపించింది. అమ్మ వేళ్ల సందులు ఎలా తుడవాలో ఆవిడకి అక్కడే చూపించింది.

కాలు సన్నబడిందా అని అందరూ అడుగుతారు. చీలమండ దగ్గర కొంచెం మెత్తబడింది. పూర్తిగా తగ్గలేదు, తగ్గదు కూడా. వాపు మొదలైన తొలి రోజుల్లోనే పట్టుకుంటే చాలావరకు దిగుతుందట. అమ్మది ఆ దశ ఎప్పుడో దాటింది. కానీ వాసన పోయింది. ఏడాదికి ఎన్నిసార్లో వచ్చే జ్వరం ఇప్పుడు ఎప్పుడో అరుదుగా. చెప్పులు కుట్టే ఆయన చేత పైన వెడల్పు పట్టీ, మెత్తటి అట్టతో జోడు కుట్టించాం. ఆవిడ పెద్దయ్యాక మొదటిసారి రెండు కాళ్లకీ చెప్పులు వేసుకుని వీధిలో నడిచింది.

ఆదివారం మధ్యాహ్నాలు రామాలయం అరుగు మీద కాలు కడగడం నేర్పించడం ఆశా అమ్మాయి ఆలోచన. ముందు చర్చి ఆవరణలో పెడదామనుకుంది. అక్కడికి మా వీధి ఆడవాళ్లు రారు. రామాలయం అయితే పేట వాళ్లు అరుగు ఎక్కుతారా అన్న బెరుకు. చివరికి ఒక ఆదివారం ఇక్కడ, ఒక ఆదివారం అక్కడ అని ఫాదరుగారూ పూజారిగారూ మాట్లాడుకుని తేల్చారు. మా అరుగు మీద ఆ పేట వాళ్లు కూర్చుని కాళ్లు కడుక్కోవడం మీద ఒకరిద్దరు పెద్దలు గొణిగారు. అమ్మ వెళ్లి వాళ్ల ముందే కూర్చుంది, కుచ్చిళ్లు పైకి దోపుకుని. ఇక ఎవరూ మాట్లాడలేదు.

వచ్చినవాళ్లలో దింపు తీసే ఆయన ఒకాయన. కాలు బరువెక్కాక కొబ్బరిచెట్టు ఎక్కలేక ఒలుపు పనికి మారాడు, కూలి సగమైంది. మగవాళ్లు కొందరు కాలి కోసం వచ్చామని చెప్పి, ఆశాని పక్కకి పిలిచి వరిబీజం సంగతి అడిగారు. అదీ ఈ పురుగు వల్లే వస్తుందని, కాలి వాపులా కాకుండా అది ఆపరేషనుతో బాగవుతుందని, ప్రభుత్వాసుపత్రిలో చేస్తారని వాళ్లకి తెలీదు. లుంగీ చాటున ఏళ్లకేళ్లు మోసిన బరువు. ఒకాయన ఆపరేషను చేయించుకుని వచ్చి, మిగతా ఇద్దర్ని తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు.

మాత్రలు పంచే కార్యక్రమానికి కూడా ఈ అరుగే పనికొచ్చింది. దేశంలో ఏడాదికోసారి ఇంటింటికీ మాత్రలివ్వడం పెద్ద ఎత్తున మొదలైంది 2004లో. ఇచ్చేవి డీఈసీ, ఆల్బెండజోల్ అనే పురుగుల మందులు. పెద్దవాళ్లకి డీఈసీ మూడు మాత్రలు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి రెండు, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి ఒకటి, దానితో పాటు ఆల్బెండజోల్ ఒకటి. రెండేళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బుపడిన వాళ్లకీ ఇవ్వరు. జనం మాత్ర తీసుకుని చూరులో పెట్టేసేవాళ్లు. "నాకేం లేదు కదా, నేనెందుకు మింగాలి?" అనేది అందరి మాట. ఏమీ లేనట్టు కనిపించేవాళ్ల రక్తంలోనే పురుగు పిల్లలు తిరుగుతుంటాయి. దోమ వాటినే పక్కింటి పాపకి మోస్తుంది. మాత్ర మనకోసం మింగేది కొంత, ఊరి కోసం మింగేది ఎక్కువ. మింగిన రాత్రి కొందరికి కళ్లు తిరగడం, జ్వరం రావడం చూసి మాత్ర వికటించిందని పుకారు లేస్తుంది. ఒంట్లో చస్తున్న పురుగుల వల్ల వచ్చే బాధ అది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పరగడుపున మాత్రం వేసుకోకూడదు.

ఆ ఏడాది మాత్రలు పంచే ముందు, పొద్దున్న రామాలయం మైకులో సుప్రభాతం అయ్యాక పూజారిగారు చెప్పారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఫాదరుగారు అందరి ముందూ నిలబడి మింగారు. శుక్రవారం నమాజు తరవాత మసీదులో హజరత్‌గారు చెప్పారు. ఆశా అమ్మాయి ఎదురుగా నిలబడి మింగించింది, చేతికిచ్చి వెళ్లిపోలేదు. మా అమ్మ ఇంటింటికీ వెంట వెళ్లింది. తలుపు దగ్గర ఎవరైనా వద్దంటే నోరు విప్పేది కాదు. చీర అంచు కొంచెం ఎత్తి కాలు చూపించేది. జన్మంతా దాచుకున్న కాలు.

డొక్కా సీతమ్మగారు (1841–1909) మా లంకల గన్నవరంలోనే ఏ వేళ వచ్చినా, ఏ కులంవాడు వచ్చినా అన్నం పెట్టారు. వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించే అక్విడక్టుకి ఆవిడ పేరుంది, బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. రాజమండ్రిలో లూథరన్ మిషన్, రామచంద్రాపురం, పిఠాపురాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆస్పత్రులు కట్టి, ఇంట్లోవాళ్లే ముట్టుకోవడానికి జంకిన రోగుల్ని ముట్టుకున్నాయి. వీళ్లని తలుచుకున్నప్పుడు మనం దండ వేసి దణ్ణం పెడతాం. నాకు మాత్రం వాళ్లు చేసిన పనిలో పెద్దదనం కన్నా ప్రతిరోజుతనం ఎక్కువ కనిపిస్తోంది. సీతమ్మగారు ఒక పండగకి కాదు, ప్రతి పూటా వండారు. ఈ కాలి సేవ కూడా అలాంటిదే. ఒకరోజు ఎంత ప్రేమగా కడిగినా రేపు కడక్కపోతే లాభం లేదు. దయ అనేది మనసు పొంగినప్పుడు చేసేది అనుకునేదాన్ని. విసుగొచ్చిన రోజున, బడి నుంచి అలిసి వచ్చిన రోజున, అమ్మతో మాట పట్టింపు వచ్చిన రోజున కూడా టబ్బులో నీళ్లు పొయ్యాల్సిందే.

చెయ్యాల్సింది ఇంకా చాలా ఉంది. రెండు కాళ్లకీ నాలుగో దశ బోద ఉన్నవాళ్లకి రాష్ట్రంలో నెలకి 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. దింపు ఆయనకి ఒక కాలే కాబట్టి రాదు. ఒక కాలితో చెట్టెక్కవచ్చని ఎవరనుకున్నారో. అర్హత ఉన్న ఇంకొకావిడ కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరుగుతున్నాయి. ఫంగస్ క్రీము ఒక్కోసారి నెలల తరబడి ఉండదు, మేం చందా వేసుకుని కొంటున్నాం. కోడు పూడిక అలాగే ఉంది. దేశం నుంచి ఈ జబ్బుని తరిమేస్తామన్న గడువు 2015 నుంచి 2020కి, ఇప్పుడు 2027కి జరిగింది. ఈసారి జరగకూడదని కోరుకుంటున్నాను.

వెనక వీధిలో ఒకావిడ ఉంది. కూతురికి సంబంధాలు చూస్తున్నారు, అందుకని తన కాలు సంగతి బయటపడకూడదని అరుగు దగ్గరికి రాదు. అమ్మా, ఆశా అమ్మాయీ దీపాలు పెట్టాక పెరటి దారిన వెళ్తున్నారు. నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. కూతురు కడగడం నేర్చుకుంది. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం వెళ్లి రథం చూసి రావచ్చా అని ఆవిడ అడిగిందట. అమ్మ అక్కడే చాపమీద కూర్చుని వివరంగా చెప్పడం నాకు పెరట్లోకి వినిపించింది.

"వెళ్లు. ఎందుకు మానాలి? పొద్దున్నే వెళ్లు. ఆ చిటికెనవేలు సందు మానేదాకా సముద్రంలో దిగకు, నీళ్లు నెత్తిన చల్లుకో చాలు. ఇసకలో నడిస్తే ఇసక మడతల్లో ఉండిపోతుంది, వచ్చాక ముందు అది కడుక్కో. తువ్వాలు రెండు పట్టుకెళ్లు, ఒకటి తడిసిపోతుంది. రథం దగ్గర తోపులాటలో ఎవరైనా కాలు తొక్కుతారు, దూరంగా నిలబడు. స్వామి అంత ఎత్తున ఉంటాడు, కనపడతాడు."